ఎంత తిన్నవని చెట్లనడిగిన టీచర్

టీచర్ పోయారన్న కబురు నాకు మెట్రోలో అందింది. మెట్టుగూడలో ఎక్కి బేగంపేటలో దిగడం, సాయంత్రం అదే దారిన వెనక్కి రావడం నా రోజువారీ బతుకు. ఆ రోజు బండి ఇంకా స్టేషన్ వదులుతుండగానే మా గల్లీ బేకరీ చాచా ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చేసే మనిషి కాదు. "అమ్మా, టీచర్ గుజర్ గయే," అన్నాడు. నాకు అర్థం కాలేదనుకుని తెలుగులో మళ్ళీ చెప్పాడు. "పోయిన్రమ్మా. పొద్దున లేవలే. పాల ప్యాకెటు గేటు కాడనే ఉన్నది."

కిటికీలోంచి టీచర్ చెట్లు కనిపిస్తున్నాయి. మెట్రో ఎత్తు మీద పోతుంది కాబట్టి ప్రహరీ లోపల ఉన్నదంతా తెలుస్తుంది. తెల్లగా, నున్నగా, పొట్టు ఊడి వేలాడుతున్న మానులు. గాలి లేదు. కింద కొబ్బరి బొండాల బండికి కట్టిన గొడుగు అంచు కూడా కదలడం లేదు. మూలన ఉన్న రెండు చెట్ల చివర్లు మాత్రం ఊగుతున్నాయి. కాకులు వాలాయేమో అనుకున్నాను. బండి రెండు స్టేషన్లు దాటాక గుర్తొచ్చింది, ఆ చెట్ల మీద కాకులు వాలవు. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. ఆఫీసులో నన్ను మొండిఘటం అంటారు. అయినా చూసింది చూశాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. చర్చి గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద "ప్రభువునందు నిద్రించిరి" అని వేశారు, పక్కన నల్ల కళ్ళద్దాలతో ఉన్న ఫోటో. ఇంకో మంచి ఫోటో ఇంట్లో దొరకలేదట. ఆ కళ్ళద్దాల సంగతి తర్వాత చెబుతాను.

నాకు ఎనిమిదో తరగతిలో సైన్స్ చెప్పారు. మా నాన్నది రైల్వే క్వార్టర్ల వెనక ఇస్త్రీ బండి. బడి చర్చివాళ్ళది, మేము గుడికి పోయేవాళ్ళం, కానీ టీచర్‌కు ఆ లెక్క ఉండేది కాదు. నా పరీక్ష పేపర్ల మీద "ఎందుకు?" అని రాసి తిరిగిచ్చేవారు. జవాబు సరైనదే అయినా సరే, ఎందుకో రాయకపోతే మార్కు లేదు. అప్పట్లో ఆమె అంటే నాకు ఒళ్ళు మంట. పెళ్ళి చేసుకోలేదు. రైల్వేలో పనిచేసి రిటైరైన తండ్రి కట్టించిన రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉండేవారు. నా ఉద్యోగం కుదిరాక ఆ ఇంటికి వెళ్తే టీ ఇచ్చి, "ఎందుకు అడుగుతనే ఉన్నవా, మానేసినవా?" అన్నారు. మానేశానని చెప్పడానికి సిగ్గేసి, అడుగుతున్నానన్నాను.

మా గల్లీ చివర ఉన్న జాగాను అందరూ సీసం జాగ అనేవాళ్ళు. ఒకప్పుడు అక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించే చిన్న కార్ఖానా నడిచేది. నేను పుట్టకముందే మూతపడింది. ఓనర్లు కోర్టులో కొట్టుకుంటుంటే జాగా అట్లాగే పడి ఉంది. అక్కడ గడ్డి సరిగ్గా మొలిచేది కాదు. వాన వెలిసాక నీళ్ళ మీద ఒక మెరుపు తేలేది. పిల్లలం బంతి లోపల పడితే వదిలేసుకునేవాళ్ళం. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరం అడగలేదు.

టీచర్ రిటైరైన ఏడాది ఒక ఆదివారం, చర్చి అయ్యాక, ఆ జాగా కొలవడానికి నన్ను టేపు పట్టుకొమ్మని పిలిచారు. కేసు తేలేదాకా జాగా వాడుకోవచ్చని ఓనర్ల వకీళ్ళ దగ్గర కాగితం రాయించుకున్నారు. గోడ ఎత్తు పెంచి, రేకు గేటు పెట్టించి, తాళం చేతిలో ఆడిస్తూ నిలబడ్డారు.

"ఇక్కడ ఏం పెడతరు టీచర్?"

"చెట్లు."

"ఏం చెట్లు?"

"మేకలు ముట్టనియ్యి."

అవి జామాయిల్ చెట్లు. నీలగిరి అని కూడా అంటాం. తొందరగా పెరిగే చెట్లు ఇంకా ఉన్నాయి, సుబాబుల్ ఉంది. కానీ సుబాబుల్ ఆకంటే మేకలకు ప్రాణం. ఒక్క మేక గోడ దూకి ఆకు మేస్తే ఆ మేక పాలు ఎవరింటికి పోతాయో ఆమె ముందే ఆలోచించారు. జామాయిల్ ఆకును మేక వాసన చూసి వదిలేస్తుంది. తొందరగా పెరిగే చెట్టు నీళ్ళు బాగా తాగుతుందనీ, ఆ నీళ్ళతో పాటు నేలలోని పాడు కూడా కొంత లోపలికి తీసుకుంటుందనీ నాకు తరగతిలో చెప్పినట్టే చెప్పారు. మూడు నాలుగేళ్ళకోసారి మానును కొట్టేస్తే మొదలు మళ్ళీ చిగురిస్తుంది, మళ్ళీ తాగుతుంది. కొట్టిన కట్టె శివార్లలో ఒక ప్లాంటుకు పోతుంది. అక్కడ కట్టెను గ్యాసుగా మార్చి కరెంటు తీస్తారు, పొగను కడిగి వదులుతారు. పాడంతా బూడిదలో మిగులుతుంది. ఆ బూడిదను డ్రమ్ముల్లో మూసి, అలాంటివి పూడ్చే చోటికి పంపిస్తారు.

"ఎన్నేళ్ళకు సాఫ్ అయితది?" అని అడిగాను.

"నా తరంల కాదు. నీ తరంల సుత కాకపోవచ్చు. చెట్టు ఏర్లల్ల ఎక్కువ ఉంటది, మానుల తక్కువ వస్తది. గీ చెట్లు శానా నిదానంగ తింటయి."

నాకు నవ్వొచ్చింది. అయ్యేది కాదని తెలిసీ పని మొదలుపెట్టే మనిషిని అప్పటిదాకా చూడలేదు.

ఆ జాగాలోకి వెళ్ళాలంటే గేటు లోపల విడిగా చెప్పులు ఉండేవి. మన చెప్పులు బయట విడవాలి, అవి వేసుకోవాలి, వచ్చేటప్పుడు అవి అక్కడే విడిచి కాళ్ళు కడుక్కోవాలి. రాలిన ఆకు సాయంత్రానికల్లా గోనెసంచిలోకి వెళ్ళాలి, ఒక్క ఆకు గేటు దాటకూడదు. మధ్యాహ్నం పూట చెట్ల కింద నిలబడితే పొట్టు ఊడే చప్పుడు వినిపించేది. ఎవరో పక్కన నిలబడి కాగితం చింపుతున్నట్టు ఉండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. నాకు అక్కడ ఒంటరిగా ఉండటం ఎప్పుడూ నచ్చలేదు. కొట్టిన మొదళ్ళు రెండు రోజుల దాకా నీళ్ళు ఊరేవి. వేళ్ళు ఇంకా పంపుతుంటాయి, మాను లేదని వాటికి తెలియదు అనేవారు టీచర్. మొదలు చుట్టూ గుంపుగా చిగుళ్ళు లేస్తాయి, ఒకటి ఉంచి మిగతావి తీసేయడం తోటల వాళ్ళ పద్ధతి. టీచర్ ప్రతి మొదలుకూ రెండు ఉంచేవారు. ఎందుకని నేను అడగనే లేదు. అడగమని నేర్పింది ఆమే.

ఇంకొకటి చేసేవారు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, మాను మీద అరచెయ్యి పెట్టి, "ఎంత తిన్నవ్?" అని అడిగేవారు. ముద్దుగా కాదు. గట్టిగా, తప్పు చేసిన పిల్లను గద్దించినట్టు. "ఎంత తిన్నవ్? చెప్పు." కాసేపు ఆగి, తర్వాతి చెట్టు. ఒంటరి ముసలావిడ, చెట్లతో మాట్లాడుకుంటున్నారులే అనుకునేదాన్ని. కానీ ఆగినప్పుడు ఆమె మొహం చూస్తే, నిజంగా జవాబు కోసం ఆగినట్టే ఉండేది.

కట్టె లారీ ఎక్కిన ప్రతిసారీ ప్లాంటు నుంచి చెంచాడు బూడిద తెచ్చుకుని, పచ్చడి సీసాలో పోసి, మైనంతో మూత మూసి, తేదీ రాసి అల్మారాలో పెట్టేవారు. అదే అరలో బైబిలు, పాటల పుస్తకం, ఒక చిన్నపిల్ల ఫోటో ఉండేవి. ఆ రోజు సాయంత్రం లైటు వేసి, దాని కింద ఊరికే కూర్చునేవారు. ఒకసారి నేను వెళ్తే, "బల్బు చూడు," అన్నారు. చూశాను. మామూలు బల్బే.

"దాంట్ల మా జాగ ఉన్నది," అన్నారు.

"కరెంటు ఎక్కడెక్కడి నుంచో వస్తది టీచర్. మన ప్లాంటుదే మనింటికి వస్తదని ఏం లేదు."

"తీగల కలిసినంక ఏది ఎవరిదో నీకేం ఎరుక? పాడు బూడిదల ఆగిపోతది. వెలుగు మాత్రం ఇంటికొస్తది." తర్వాత నెమ్మదిగా అన్నారు. "వస్తది. నాకు తెలుస్తది."

నేను టీ కప్పు ఖాళీ చేసి లేచాను.

ఇక నా తప్పు చెప్పాలి. ఇది రాయడానికి కూర్చున్నదే దానికోసం.

మా దగ్గర క్రిస్మస్‌కు ముందు వారం బేకరీ భట్టీ ఇళ్ళ నుంచి వచ్చే కేకులతో నిండిపోతుంది. మెట్టుగూడ క్రైస్తవుల ఇళ్ళలో పిండి, గుడ్లు, నానబెట్టిన ఎండు పండ్లు ఇంట్లోనే కలుపుతారు. డబ్బాల్లో పోసి, పైన పేరు చీటీ అంటించి, చాచా దగ్గరికి పంపిస్తారు. ఆయన కట్టెల భట్టీలో కాల్చి ఇస్తాడు. గల్లీ అంతా ఆ వాసనే. ఆ ఏడు టీచర్‌కు కంటిలో శుక్లం తీయించుకోవాల్సి వచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. జాగా తాళం నాకిచ్చారు. కొట్టిన కట్టె గోడ పక్కన పేర్చి ఉంది, లారీ ఇంకా రాలేదు.

చాచా వచ్చి తల పట్టుకున్నాడు. "పరేషాన్ల ఉన్నమ్మా. కట్టెలోడు రాలే. డబ్బాలు నలభై దాక ఉన్నయి. టీచరమ్మ డబ్బా సుత ఉన్నది. జెర నాలుగు మోపులు ఇయ్యి, రేపు మళ్ళ పెడత."

నేను ఇచ్చాను. చెప్పులు మార్చుకుని లోపలికి వెళ్ళి, మోపులు కట్టించి, మళ్ళీ కాళ్ళు కడుక్కుని మరీ ఇచ్చాను. ఆ కడుక్కోవడం ఎందుకో ఆలోచించలేదు. పండగ పూట ఊళ్ళోవాళ్ళకు సాయపడ్డానని, టీచర్ సంతోషిస్తారని అనుకున్నాను. కట్టె ప్లాంటుకు పోయేది కరెంటు కోసమే కదా, కాలేది ఎక్కడైతే ఏమని నా బుర్రకు తోచింది.

మర్నాడు సాయంత్రం టీచర్ ఆటో దిగారు. ఒక కంటికి కట్టు, దాని మీద నల్ల కళ్ళద్దాలు. నేను చెయ్యి పట్టుకుని నడిపించబోతుంటే ఆగిపోయి, తల పైకెత్తి గాలి పీల్చారు. కేకు వాసనలో జామాయిల్ పొగ ఘాటు. నాకు అప్పటిదాకా తెలియనే లేదు.

"ఏ కట్టె?" అన్నారు.

చెప్పాను. చెప్పి, ఆమె మొహం చూసి, తగ్గించబోయాను. "కొంచెమే టీచర్. ఒక్కపూట కట్టెలే."

ఆమె నా చెయ్యి వదిలేశారు. అంత నెమ్మదిగా వదిలేయడం నా చేతికి ఇప్పటికీ తెలుస్తుంది. నేరుగా బేకరీకి వెళ్ళి భట్టీ ఆర్పించారు. చాచా పాపం రెండు చేతులూ జోడించి ఏమైంది, ఏమైంది అంటున్నాడు. భట్టీలో ఉన్నవి బయటికి తీయించారు. అప్పటికే ఇళ్ళకు పోయినవి ఇరవై పైన ఉన్నాయి. చీటీల జాబితా చాచా దగ్గర తీసుకుని ఒక్కో తలుపూ తట్టారు. నేను గోనెసంచి పట్టుకుని వెనక నడిచాను.

ఆ సాయంత్రాన్ని మా గల్లీ ఇప్పటికీ మరిచిపోలేదు. వాకిళ్ళలో కాగితం నక్షత్రాలు వెలుగుతున్నాయి. లోపల పాటలు ప్రాక్టీసు చేస్తున్నారు. తలుపు తెరిస్తే ఎదురుగా నల్ల కళ్ళద్దాలతో, కట్టు కిందనుంచి నీరు కారుతున్న కంటితో టీచర్. కేకు తీసుకుని సంచిలో వేస్తారు. తర్వాత ఇంట్లో పిల్లలను వరసగా నిలబెట్టి, గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి, "ఎంత తిన్నవ్? చెప్పు," అంటారు. అదే గొంతు. చెట్లనడిగే గొంతు. పిల్లలు ఏడ్చారు. కొందరు తల్లులు టీచర్‌కు మతి పోయిందన్నారు. ఒకావిడ నా చెవిలో, "కండ్ల ఆపరేషన్ల ఏమన్న అయిందా?" అంది. టీచర్ అందరికీ కారణం చెప్పారు, ఆ కట్టెలో సీసం ఉందని, తిండి దగ్గర అది కాలకూడదని. కానీ ఆ గొంతుకు కారణం చెప్పలేదు.

సంచి నిండింది. జాగా గేటు లోపల దాన్ని దింపి, చెప్పుల పక్కన నేల మీదే కూలబడ్డారు. చీకటి పడుతోంది. నేను నిలబడే ఏడుస్తున్నాను.

"మా చెల్లె ఇక్కడి మన్ను తినేది," అన్నారు.

అల్మారాలో ఫోటో ఆ పిల్లదే. ఆరేళ్ళది. కార్ఖానా నడుస్తున్న రోజుల్లో వీళ్ళిద్దరూ దాని వెనక ఆడుకునేవాళ్ళు. చెల్లికి మన్ను తినే అలవాటు. ఈ మన్ను మరీ ఇష్టం.

"తియ్యగుంటది అక్కా, జెర తిను అని నాకు సుత పెట్టేది. నేను ఉమ్మేసిన. అది తినేది. అమ్మకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. కడుపునొప్పి షురూ అయింది. అమ్మ దాని నోరు తెరిచి, ఎంత తిన్నవ్ చెప్పు, ఎంత తిన్నవ్ అని అడిగేది. అది చెప్పలే. అమ్మ నా దిక్కు చూసింది. నేను కొంచెమే అన్న."

ఆమె గోనెసంచి మూతి తాడుతో బిగించారు.

"ఫిట్స్ వచ్చి పోయింది. డాక్టర్‌కు సుత అమ్మ అదే చెప్పింది, కొంచెమే తిన్నదట అని. కొంచెం అంటే ఎవరికి కొంచెం? అది నేను ఇంతవరకు ఎవరికి చెప్పలే."

తర్వాత ఆ కట్టెను పరీక్ష చేయించారు. దానిలో ఉన్నది తక్కువేననీ, ఒక్కరోజుతో ఎవరికీ ఏమీ కాదనీ తేలింది. ఎవరికీ ఏమీ కాలేదు కూడా. అయినా భట్టీ ఇటుకలు తీయించి కొత్తవి వేయించే దాకా ఆమె రోజూ బేకరీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చాచా మొదట్లో గుర్రుగా ఉన్నవాడు చివరికి ఆమెకు చాయ్ తెచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. నన్ను ఆమె ఒక్క మాట అనలేదు. తాళం మాత్రం మళ్ళీ నాకే ఇచ్చారు. అంతకన్నా తిట్టినా బాగుండేదని అప్పట్లో ఏడ్చాను. ఇప్పుడు అనుకుంటే, నా మీద అంత నమ్మకం మా అమ్మ కూడా పెట్టలేదు.

ఆమె పోయిన రోజుకు తిరిగి వస్తాను. రాజమండ్రి నుంచి మేనల్లుడు సాయంత్రానికి చేరుకున్నాడు. అన్న కొడుకు, మంచివాడు. మర్నాడు భూస్థాపన. ఉదయం నేను వెళ్ళేసరికి టీచర్ హాల్లో అద్దం మూత ఉన్న ఐస్ పెట్టెలో ఉన్నారు. పెరట్లో రంపం చప్పుడు, సుత్తి చప్పుడు. హాలంతా జామాయిల్ వాసన. మొన్నటి వానాకాలంలో జాగాలో ఎన్నడూ కొట్టని ఒక పెద్ద చెట్టు గాలికి పడింది. లారీకి పట్టడానికి వీలుగా టీచర్ దాన్ని పలకలు కోయించి అక్కడి షెడ్డులో పెట్టారు. మేనల్లుడు ఇంట్లో దొరికిన తాళంచెవితో షెడ్డు తీయించి వాటితో శవపేటిక చేయిస్తున్నాడు. అప్పటికే నాలుగు పక్కలూ బిగించారు. మూత ఒక్కటే మిగిలింది.

"అత్త చేత్తో పెంచిన చెట్టండీ," అన్నాడు. "అత్తకి కాకపోతే ఇంకెవరికండీ?"

పాస్టర్ గారు తల ఊపారు. బంధువులు కళ్ళు తుడుచుకున్నారు. నిజానికి అంతకన్నా అందమైన ఆలోచన ఎవరికి వస్తుంది. నేనూ ఒక్క క్షణం మెత్తబడ్డాను. నేను చుట్టాన్ని కాదు, వాళ్ళ చర్చి మనిషిని కాదు. చావింట్లో నోరు తెరిచే హక్కు నాకేముందని వెనక్కి తగ్గాను. తగ్గి, హాల్లోకి వెళ్ళి అద్దంలోంచి ఆమెను చూశాను. పెదవులు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి, ఏదో అడగబోయి ఆగినట్టు. ఏమడుగుతారో నాకు తెలుసు.

పెరట్లోకి వచ్చాను. "ఆ కట్టె మట్టిల పెట్టొద్దండి," అన్నాను.

చెప్పవలసిందంతా చెప్పాను. పన్నెండేళ్ళుగా ఆమె ఆ నేలలోంచి తీసిందంతా మళ్ళీ ఇంకో నేలలోకి పోతుందన్నాను. మేనల్లుడికి కోపం వచ్చింది. రాదా మరి.

"ఇంట్లో శవం ఉంటే మీరు సైన్స్ పాఠం చెబుతున్నారేంటండీ? పోయినావిడని సీసం ఏం చేస్తుంది?"

"ఆమెను ఏం చేయదు. ఏ సమాధి తెరిపిస్తున్నరు మీరు?"

"మా వాళ్ళదేనండీ. స్మశానంలో కొత్త చోటు ఇవ్వట్లేదు. తాతయ్య వాళ్ళది, చిన్నత్తది ఒకటే సమాధి. అందులోనే."

"మీ చిన్నత్త ఎట్ల పోయిందో మీకు తెలుసా?"

జ్వరం వచ్చి పోయిందని వాళ్ళింట్లో చెప్పుకునేవాళ్ళట. నేను అల్మారా తెరిచి ఫోటో, సీసాలు తెచ్చి పెరటి గట్టు మీద పెట్టాను. మన్ను సంగతి చెప్పాను. "కొంచెమే" అన్న మాట మాత్రం చెప్పలేదు. అది ఆమె నాకొక్కదానికే చెప్పింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను, ఎందుకంటే మోయడం నా వల్ల కావడం లేదు.

"ఈ పెట్టె పోయి ఆ పిల్ల మీదనే కూసుంటది," అన్నాను. "పెట్టె చీకిపోతది. వాన పడుతది. మళ్ళ అదే మన్ను ఆ పిల్ల నోట్లకే పోతది."

సుత్తి ఆగింది. మేనల్లుడు ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత వడ్రంగితో, "ఆపెయ్యి బాబూ," అన్నాడు. చాచా తన వ్యాన్ పంపించి, బోయిన్‌పల్లిలోని పెట్టెల కొట్టు నుంచి మామూలు చెక్క పెట్టె ఒకటి తెప్పించాడు. దాంట్లోనే టీచర్‌ను చెల్లెలి పక్కకు దించారు. మట్టి వేసేటప్పుడు పిడికిట్లో మట్టిని నేను వాసన చూశాను. మామూలు మట్టి. ఏ వాసనా లేదు.

కానీ చేసిన పెట్టె మిగిలింది కదా. దాన్ని ఇంట్లో ఉంచలేం, ఎవరికీ ఇవ్వలేం. వారానికి లారీ వచ్చింది. పలకలు విడదీయమంటే ఎవరూ ముందుకు రాలేదు, పెట్టెను విడదీయడం అరిష్టమన్నారు. మూత లేకుండా అట్లాగే కట్టెల మీదకు ఎక్కించి, మీద బట్ట కప్పారు. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. ఏ.ఎస్. రావు నగర్ మీదుగా పోతుంటే ఫుట్‌పాత్ మీద జనం ఆగిపోయారు. ఒక పెద్దాయన తలపాగా తీశాడు. కూరగాయలు బేరం చేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కొంగు తల మీదకు లాక్కుని దండం పెట్టారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ మిగతా బండ్లను ఆపి మాకు దారిచ్చాడు. అందులో ఎవరూ లేరని దిగి చెప్పాలనిపించింది. కానీ ప్రతి మలుపులో ఆ పెట్టె జరిగే చప్పుడు ఖాళీ పెట్టె చప్పుడులా లేదు. డ్రైవర్ నావైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

ప్లాంటులో కూడా ఎవరూ దాన్ని ముట్టలేదు. "మేడమ్, గిది మాతోని కాదు," అన్నాడు అక్కడి ఫోర్‌మన్, వెనక్కి అడుగేస్తూ. నేనే గునపం తీసుకున్నాను. మొదటి దెబ్బకు పెట్టె మోగింది, లోపలి నుంచి ఎవరో తలుపు తట్టినట్టు. అందరం ఆగిపోయాం. అయినా రెండో దెబ్బ వేశాను. మూడోదానికి పక్క పలక ఊడింది. అప్పుడు ఫోర్‌మన్ వచ్చి నా చేతిలోంచి గునపం అందుకున్నాడు.

మూడో రోజు బూడిద చెంచాడు పట్టి సీసాలో పోసుకుని వచ్చాను. టీచర్ ఇంటి తాళం కూడా ఇప్పుడు నా దగ్గరే ఉంది. మేనల్లుడు వెళ్తూ, ఇల్లు, జాగా మీరే చూసుకోండి అక్కా అన్నాడు. సీసాకు మైనం పెట్టి, తేదీ రాసి, ఫోటో పక్కన పెట్టాను. మునిమాపు వేళ. లైటు వేసి దాని కింద కూర్చున్నాను. మామూలు బల్బే. నేను ఏం చూద్దామని కూర్చున్నానో నాకే తెలియదు. ఆ ఇంట్లో ఆమె లేరన్న సంగతి నాకు అప్పుడు తెలిసి, బిగ్గరగా ఏడ్చాను. లేచి వచ్చేటప్పుడు స్విచ్చి మీద చెయ్యి పెట్టాను కానీ ఆర్పలేకపోయాను. తాళం వేసి వచ్చేశాను.

అది అట్లాగే వెలుగుతోంది. రోజూ పొద్దున జాగాలో ఆమె చెప్పులే వేసుకుని ఆకు ఊడుస్తున్నాను. చిగుళ్ళు తీసేటప్పుడు మొదలుకు రెండు ఉంచుతున్నాను, అక్కకొకటి, చెల్లెలికొకటి. గల్లీవాళ్ళు ఆ ఇంటి ముందు కొంచెం తొందరగా నడుస్తున్నారు. నిన్న ఆఫీసు నుంచి వస్తుంటే చాచా బేకరీ మెట్ల మీద నన్ను ఆపి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, టీచర్ ఇంట్ల లైటు ఎలుగుతనే ఉన్నది. లోపల ఎవరన్న ఉన్నరా?"

"ఇద్దరున్నరు చాచా," అన్నాను.

ఆయన కిటికీ వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ అడగలేదు.